ఓడకు నాలుగు హద్దులు

ఆ రోజుల్లో శంషాబాద్‌లో భూమి ఒక చేతిలో నిలిచేది కాదు. విమానాశ్రయం కొత్తగా తెరిచారు. పొద్దున కొన్నవాడు సాయంత్రానికి అమ్మేవాడు. రిజిస్ట్రారు ఆఫీసు ముందు కూర్చుని ఆ అమ్మకాల దస్తావేజులన్నీ టైపు చేసి చేసి ఇరవై రెండేళ్లకే నాకు మెడ పట్టేసింది. (పెళ్లిచూపుల్లో తల ఎత్తలేక కూర్చుంటే, పిల్ల బుద్ధిమంతురాలన్నారు.)

ఓ మధ్యాహ్నం మహేశ్వరం వైపు నుంచి ఒక తాత వచ్చాడు. డిస్ట్రాయర్ రకం యుద్ధనౌకలో బాయిలర్ దగ్గర పదిహేనేళ్లు పనిచేశాడట. "మా ఊర్ల ఎవ్వలు నమ్ముతలేరు బిడ్డా. బోర్ల నీళ్లు రాని ఊరోనివి, నీకు సముద్రమేందంటరు. రేపు పంద్రాగస్టుకు బడిల మాట్లాడమన్నరు. ఓడ చరిత్ర మొత్తం రాసియ్యి, సదివి ఇనిపిస్త" అన్నాడు.

అప్పటికే పొద్దుటి నుంచి దస్తావేజులు కొట్టి కళ్లు మండుతున్నాయి. తాత చెబుతున్నాడు, నేను వింటున్నాననుకుంటున్నాను. ఓడను ఇంగ్లండులో కట్టారు, వాళ్ల యుద్ధంలో తిరిగింది, తరవాత మన సర్కారు కొని పేరు మార్చింది... కొనడం అన్న మాట చెవిన పడితే చాలు, నా వేళ్లు వాటి దారిన అవి పోయేవి. కాగితం తీసి ఇచ్చాను. తాత కళ్లజోడు పెట్టుకుని నిదానంగా చదివాడు.

"ఇదేంది బిడ్డా, తూర్పు హద్దు సముద్రం, పడమర హద్దు సముద్రం?"

ఉత్తర దక్షిణాలూ అంతే. సిగ్గుతో చచ్చిపోయాను. "తప్పయింది తాతా, జర ఆగు, మళ్ల కొడత" అని మొదటి నుంచి చెప్పించుకున్నాను. ఈసారి నిజంగానే విన్నాను. తుఫానులో బాయిలర్ ఆరిపోకుండా కాచుకున్న సంగతి చెబుతుంటే తాత కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. చివరికి వచ్చేసరికి గొంతు తగ్గింది. "ముసల్దయిందని తుక్కోళ్లకు అమ్మిన్రు. కోస్తుంటే సూడనీకి నేను పోలే" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. నా వేళ్లకు మాత్రం రాలేదు. అమ్మకం మాట వినగానే, ప్రతి దస్తావేజు చివరా ఉండే వాక్యాన్ని అవి కొట్టేశాయి: 'పుత్రపౌత్ర పారంపర్యంగా సర్వహక్కులతో అనుభవించగలరు.'

చెరపబోతే తాత నా చెయ్యి పట్టుకున్నాడు. "గది ఉండనియ్యి. తుక్కు ముచ్చట తీసెయ్యి. పిల్లలకు సదవాలె గద."

రెండు రోజులకు మళ్లీ వచ్చాడు, జామకాయలు పట్టుకుని. ఊరంతా కూర్చుని విన్నదట. ఆఖరి వాక్యం చదవగానే ముందు వరుసలోని ఒక పిల్ల లేచి, "అయితే తాతా, ఓడ ఇగ మాదేనా?" అని అడిగిందట.

"ఏమన్నవ్ తాతా?"

"మీదే అన్న."

ఆ వాక్యం ఇప్పటికీ రోజూ కొడుతూనే ఉన్నాను, ఎవరూ చదవరు. కళ్లు మూసుకుపోతూ ఓ ఊరి పిల్లలకు యుద్ధనౌకను రాసిచ్చేసిన ఆ ఇరవై రెండేళ్ల పిల్లను తలుచుకుంటే మాత్రం నవ్వొస్తుంది, కాస్త అసూయ కూడా.