రుచి చూడకుండా వండిన గురువారాలు

ఎనిమిదేళ్ల కిందట, దసరా వెళ్లిన సోమవారం నాడు, పటాన్‌చెరు దాటాక ముంబై హైవేకి కాస్త లోపలగా ఉన్న ఒక మందుల కంపెనీ గెస్ట్‌హౌస్‌లో చీఫ్ కుక్‌గా చేరాను. చీఫ్ అన్నది కాంట్రాక్టరు కాగితంలో ఉన్న హోదా మాత్రమే. నా కింద పనిచేసేది గిన్నెలు కడిగి కూరగాయలు తరిగే యాదమ్మ ఒక్కతే. అంతకు ముందు ఇరవై ఎనిమిదేళ్లు హైదరాబాదులో ఒక పెద్ద హోటల్లో సాసుల విభాగంలో పనిచేశాను. సాసుల వంటవాడికి కత్తి కంటే చెంచా ముఖ్యం. రోజుకు వందసార్లు చెంచా కొన నాలుకకు తగిలించి చూడాలి. ఆ అలవాటు మెదడులో ఉండదు, చేతిలో ఉంటుంది.

గెస్ట్‌హౌస్‌లో అప్పుడు ఉన్నది ఒకే అతిథి. కొత్తగా తెప్పించిన డ్రయర్ యంత్రాన్ని నడిపించి అప్పగించడానికి చలిదేశం నుంచి వచ్చిన అరవై ఏళ్ల ఇంజనీరు. మూడు వారాల పని అని వచ్చారు. యంత్రం మొరాయించి రెండు నెలలకు సాగింది. పన్నెండు కుర్చీల బల్ల దగ్గర ఆ చివర కూర్చుని రాత్రి ఏడు గంటలకు ఒక్కరే తినేవారు. చేరిన వారంలోనే అడ్మిన్ మేనేజరుగారు నన్ను పిలిచారు. ఆయనది భీమవరం వైపు. అతిథి సగం తిని లేచిపోతున్నారని, వాళ్ల ఊళ్లో ఆకులు రాలే ఈ కాలంలో పంది చాప్స్‌కి పండ్ల పూత పూసి తింటారట, వారానికి ఒక్కసారైనా అది కావాలంటున్నారని చెప్పారు. చివర, "మీకేమైనా ఇబ్బందా ప్రకాశం గారూ?" అని అడిగారు. లేదన్నాను.

ఇబ్బంది ఉంది. మాది శనివారం కూడుకునే క్రైస్తవ సంఘం. డెక్క చీలి ఉండి నెమరు వేయని జంతువు లేఖనం ప్రకారం మాకు నిషిద్ధం. హోటల్లో ఆ మాంసం వేరే విభాగం వాళ్లు చూసుకునేవారు కాబట్టి నాకు ఎదురు కాలేదు. అయితే తినడం వేరు, వండి పెట్టడం వేరు అని నాకు నేను చెప్పుకున్నాను. సంఘంలో మాత్రం విదేశీయులకు వంట చేస్తున్నానని చెప్పి ఊరుకున్నాను.

సంగారెడ్డిలో రేకుల షెడ్డు కింద కూడే నలభై మంది మా సంఘం. భార్య పోయి అప్పటికి రెండేళ్లు. పిల్లలు లేరు. వారంలో నన్ను పేరు పెట్టి పిలిచి పక్కన కూర్చోబెట్టుకునే చోటు అదొక్కటే. ఆరాధన తర్వాత అందరూ కలిసి తినే అన్నం నా చేతి వంటే. శుక్రవారం మధ్యాహ్నం నుంచి నాకు సెలవు. ఆ పొద్దు కుంకితే మా విశ్రాంతి దినం మొదలవుతుంది, పొయ్యి వెలిగించం. ఆలోపే పులిహోర, పచ్చడి, చపాతీలు చేసి డేక్సాల్లో సర్దేవాణ్ణి. ఆ గరిటె పదకొండేళ్లుగా నా చేతిలో ఉంది.

చాప్స్ పని చెబుతాను. ఎముకతో సహా అంగుళం మందాన కోసిన ముక్కలు నగరం నుంచి చల్లని బండిలో వచ్చేవి. ఉప్పు, కొంచెం చక్కెర కరిగించిన నీళ్లలో నాలుగు గంటలు నాననిస్తే మాంసం ఎండిపోదు. తడి తుడిచి, ముందు కొవ్వు అంచును ఇనుప పెనం మీద నిలబెట్టి కరిగించి, ఆ కొవ్వులోనే రెండు వైపులా ఎర్రగా కాల్చాలి. తర్వాత పూత. పూత అంటే పండు గుజ్జు, తీపి, పులుపు కలిపి బ్రష్షుకు అంటుకునేంత దగ్గరికి కాచిన రసం. అతిథి ఆపిల్ అన్నారు. కోల్డ్ స్టోరేజీ ఆపిల్‌లో వాసన లేదు. సీతాఫలం వేడి తగిలితే చేదెక్కుతుంది. హైవే పక్కన బండి మీద అప్పుడే సంగారెడ్డి జామ దిగుతోంది. దోరగా ఉన్నవి ఉడికించి, గింజలు జల్లెడ పట్టి, బెల్లం, వెనిగర్, అల్లం, మిరియాలు వేసి కాచాను. ఒక పూత పూసి ఓవెన్‌లో పెట్టి, మధ్యలో తీసి రెండో పూత పూసి, లోపల అరవై మూడు డిగ్రీలు దాటగానే దించి ఐదు నిమిషాలు కదపకుండా ఉంచాలి.

రుచి చూడకుండా ప్లేటు బయటికి పంపడం మా వృత్తిలో తప్పు. అందుకని మాంసం తగలకముందే పూత రుచి చూసి, ఉప్పు పులుపు సరిచేసి, తర్వాత చెంచా దూరంగా పెట్టేవాణ్ణి. యాదమ్మకు ఇది నవ్వులాట.

"నేను జూసి చెప్త గదన్నా. మా ఇంట్ల పండుగకు అదే కూర. ఉప్పు నీకో తీరు నాకో తీరు ఉంటదా?"

గిన్నెలు కడిగేవాళ్లు బల్ల మీదికి పోయే వంటను ముట్టకూడదని హోటల్ నియమం చెప్పాను. ఇద్దరున్న వంటగదిలో ఆ నియమానికి అర్థం లేదు. అది నా గర్వం.

వారంలో చాప్స్‌కి గురువారం అనుకున్నాం. మొదటి గురువారం అతిథి ఎముకను కూడా గీకి తిన్నారు. ప్లేటు పట్టుకుని తనే వంటగదిలోకి వచ్చి, నువ్వు ఇది తింటావా అని అడిగారు. తిననన్నాను. మరి బాగుందని ఎలా తెలుస్తుందన్నారు. తిరిగొచ్చిన ప్లేటు చూస్తే తెలుస్తుందన్నాను. ఎదురుగా కూర్చోమని రెండుసార్లు అడిగారు. అతిథి బల్ల దగ్గర వంటవాడు కూర్చోడు. నిలబడే రెండు మాటలు మాట్లాడి వచ్చేశాను.

నాలుగో గురువారం ఆయన తొందరగా వచ్చి కూర్చున్నారు. మొదటి పూత అయి ముక్కలు ఓవెన్‌లో ఉన్నాయి. రెండో పూతకు గిన్నె అందుకున్నాను. రంగు పలచగా ఉంది, పులుపు తగ్గిందేమో అనిపించింది. చేయి చెంచా తీసుకుంది, నాలుక మీద పెట్టింది. మాంసం మీద తిరిగిన బ్రష్షు మళ్లీ మళ్లీ ముంచింది ఆ గిన్నెలోనే. జామ వెనక కాలిన కొవ్వు రుచి తెలిసింది. సింకు దగ్గరికి పరుగెత్తి ఉమ్మి, ఐదారుసార్లు పుక్కిలించాను.

"ఏమైందన్నా, నాలుక గాలిందా?" అని యాదమ్మ అడిగింది.

అవునన్నాను. రెండో పూత పూసి, ప్లేటు పంపాను. ప్లేటు ఖాళీగా తిరిగొచ్చింది.

మరుసటి రోజు పులిహోర కలిపాను, ఎప్పటిలాగే. ఆ శనివారం రొట్టె విరిచే ఆరాధన. రొట్టె ముట్టేముందు మనసులో ఏదైనా ఉన్నవాళ్లు లేచి చెప్పడం మా ఆచారం. చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. చెబితే ఆ షెడ్డు నాకు మిగులుతుందో లేదో తెలియదు. లేచి చెప్పాను.

సంఘ కాపరి అయ్యగారు పూర్తిగా విని, "కావాలని తిన్నవా?" అని అడిగారు.

"లేదయ్యగారూ. చేతి అలవాటు. ఉమ్మేసిన."

"మరి గదానికి బాధ ఎందుకు ప్రకాశం. కూసో."

అక్కడితో అయిపోయేది. అందరికంటే పెద్దావిడ ఎస్తేరమ్మ కూర్చున్న చోటి నుంచే మెల్లగా అడిగింది. "గదంతా నిజమే బిడ్డా. గని నువ్వు పంది వండుతున్నవని మాకెప్పుడు చెప్పినవ్?"

చెప్పలేదమ్మా అని కూర్చున్నాను. అయ్యగారు ప్రార్థన చేసి నాకు రొట్టె ఇచ్చారు. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆరాధన అయ్యాక డేక్సాల మూతలు తీశాను. అయ్యగారు తిన్నారు. ఎస్తేరమ్మ రెండు ముద్దలు తిన్నది. మిగతావాళ్లలో ఒకరికి కడుపు బాగాలేదు, ఒకరికి బస్సు టైమయింది, ఒకరు ఉపవాసం. ముప్పాతిక పులిహోర ఆటోలో వెనక్కి తెచ్చాను.

సాయంత్రం గెస్ట్‌హౌస్‌లో యాదమ్మ మూత ఎత్తి చూసింది. "ఇంత మిగిలిందేందన్నా? ఎవ్వరు రాలేదా?"

"వచ్చిన్రు. తినలే."

గురువారం నేను నాలుక కాలిందన్నది అబద్ధమని కూడా చెప్పాను. ఆమె ప్లేటు తెచ్చుకుని నేల మీద కూర్చుని నిండుగా పెట్టుకుంది. "నాకు జెప్తే అయిపోవు గదా, నేను జూస్తుంటి," అంది. ఆ తర్వాతి గురువారాల్లో చాప్స్ ఉప్పు చూసింది ఆమే. ఆమె నాలుక నా నాలుక కంటే తక్కువది కాదు. ఒకసారి వెనిగర్ ఎక్కువైందని చెప్పి నా చేత మళ్లీ కాయించింది.

తర్వాతి శనివారం నేను వంట తేనక్కర్లేదని ముందే ఫోను వచ్చింది. కొలువుతో అలసిపోతున్నానని, ఇకనుంచి ఆడవాళ్లు వంతుల వారీగా తెస్తారని చెప్పారు. వెళ్లాను. నన్ను అయ్యగారి పక్కన కుర్చీలో కూర్చోబెట్టి అందరికంటే ముందు నాకు వడ్డించారు. పదకొండేళ్లు నేను అందరికీ వడ్డించి చివర తిన్న చోటు అది. నేను తింటుంటే మిగతావాళ్లు చాప మీద కూర్చుని వాళ్లలో వాళ్లు మాట్లాడుకున్నారు. మర్యాదకు ఏ లోటూ చేయలేదు. ఆ తర్వాత ఆరేళ్లు, నేను ఆ ప్రాంతం వదిలేదాకా, ప్రతి శనివారం అలాగే జరిగింది. గరిటె ఇమ్మని నేను అడగలేదు, వాళ్లు ఇవ్వలేదు.

యంత్రం నడిచి అతిథి వెళ్లిపోయాక కూడా గెస్ట్‌హౌస్‌లో పని చేశాను. తర్వాత ఇంకో రెండు చోట్ల చేశాను. పనిలో చేరే రోజే యజమానికి రెండు విషయాలు చెప్పేవాణ్ణి: పంది మాంసం వండుతాను, రుచి వేరేవాళ్లు చూడాలి. అది విని ఒక క్యాంటీన్ వాళ్లు నన్ను తీసుకోలేదు.

వంటగదిలో జరిగిన తప్పుకు మందు సులువు. పూతలో రుచికి కొంత వేరే గిన్నెలోకి తీసి, మిగతా దాంట్లోనే బ్రష్షు ముంచాలి. రెండోది అంత సులువు కాదు. నేను ఏ పని చేసి బతుకుతున్నానో, నా చేతి అన్నం తినేవాళ్లకు చేరిన వారంలోనే చెప్పి ఉండాలి. వద్దనేవారో సరేననేవారో, ఆ నిర్ణయం వాళ్లది. నాలుక తప్పును సంఘం ఆ రోజే క్షమించింది. నాలుగు వారాలు చెప్పకుండా వండి పెట్టడం క్షమించడానికి వాళ్లకు వీలు కాలేదు. వాళ్లది తప్పని నేను అనుకోవడం లేదు.