మెట్లు ఎవరికీ ఇవ్వొద్దన్న మా అక్క

మా తోడికోడలు పోయి ఇంకా నెల కాలేదు. ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను కామాటిపురలో, వరసగా ఒంటి గదులుండే మా చాల్‌లో గడప దగ్గర బియ్యం ఏరుతున్నాను. ఫోన్ మోగితేనే గుండె దడదడలాడే మనిషిని. ఈసారి ఆ దడే నిజమైంది.

వరసకు తోడికోడలైనా ఆమెను అక్క అనే పిలిచేదాన్ని. గ్రాంట్ రోడ్‌లో ఒక పాత బిల్డింగు మెట్లు, అందులో కొన్ని ఇళ్లు ఇద్దరం కలిసి శుభ్రం చేసేవాళ్లం. ఆమె లేకుండా నేను ఏ ఇంటికీ పనికి వెళ్లలేదు. ఒక్కదాన్నే ఆ పని నిలుపుకోగలనా అని బెంగ పట్టుకుంది.

మన చాళ్లలో ఈ పనికి కొత్తగా వెళ్లే ఆడపిల్లలకు, అక్క నాకు చెప్పిందే చెబుతున్నాను. మొదట్లో నడుము పట్టేస్తుంది, తర్వాత అలవాటవుతుంది. ఫినాయిలు వాసన చీరను పట్టుకుంటే వదలదు. యాసిడ్‌లో బ్లీచింగ్ పౌడరు కలపకండి, ఊపిరాడదు. ఒక ఇంట్లో చాయ్ ఇస్తారు, ఇంకో ఇంట్లో మొహమైనా చూడరు. "చూడకుంటె మంచిదే, నిమ్మళంగ పని చేస్కోవచ్చు" అనేది అక్క.

మా ఆయన పోయాక ఆమే నన్ను పనిలో పెట్టింది. మొదటి రోజు నేను వెళ్లేసరికి ఆ ఇంటాయన సంచీ పట్టుకుని ఊరికి బయల్దేరాడు. మనిషి గడప దాటగానే ఊడవకూడదు కదా, చీపురు పక్కన పెట్టుకుని కూర్చున్నాను. ఇంటామె వచ్చి చూసింది.

"మొదటి రోజే కూర్చున్నావా?" అంది హిందీలో.

పని పోయిందనే అనుకున్నాను. పక్క గదిలోంచి అక్క వచ్చి, తనకు వచ్చిన హిందీలో సర్దిచెప్పింది.

"కామ్‌చోర్ కాదు మేడం, పని ఎగ్గొట్టే మనిషి కాదు. మనిషి బయటికి పోంగనే ఊడిస్తె మంచిది కాదంటరు మా దిక్కు. మీ సాబ్ కోసమే ఆగింది."

ఇంటామె నవ్వింది. "సాయంత్రం దాకా ఆగుతుందా ఏంటి?"

"లేదు, ముందుగాల గిన్నెలు తోముతది. గంతల సాబ్ రైలెక్కుతడు."

నన్ను వంటింట్లోకి లాక్కెళ్లి, "భయపడితే పడు, నాకేం. చేతులు మాత్రం ఆడనియ్" అంది. అప్పటినుంచి ముందు గిన్నెలు, తర్వాత చీపురు, చివర తడిబట్ట. ఎవరు ఎప్పుడు బయల్దేరినా నా పని ఆగలేదు.

చివరి రోజుల్లో ఆసుపత్రిలో ఆమె మంచం పక్కన కూర్చుని కూడా, "గ్యాసు బంద్ చేసిన్నో లేదో అక్కా" అన్నాను.

"చేసినవ్. రోజు చేస్తవ్, రోజు అడుగుతవ్." నా చెయ్యి పట్టుకుని, "ఆ మెట్లు ఎవరికియ్యకు" అంది.

"నువ్వు లేచినంక ఇద్దరం పోదాం."

"నేను లేస్తనో లేవనో. నువ్వైతే పో చెల్లె."

దినాలయ్యాక ఆ బిల్డింగుకు వెళ్లాను. బిల్డింగు సెక్రటరీ వేరే మనిషిని మాట్లాడుతున్నాడు. నేనొక్కదాన్నే చేస్తానన్నాను. "ఈ వయసులోనా? సరే, ఇవాళ చేయి, చూస్తాను" అని ఆయన బజారుకు వెళ్లాడు.

ముందు బకెట్లతో నీళ్లు మోసుకుని, తర్వాత పై అంతస్తు నుంచి మొదలుపెట్టి, మెట్టుమెట్టూ రుద్ది కడుగుతూ దిగాను. చివరి మెట్టు తుడుస్తుండగా ఆయన కూరగాయల సంచీతో తిరిగొచ్చాడు. తడి మెట్ల వంక పైదాకా చూశాడు. చెప్పులు విడిచి చేతిలో పట్టుకుని, గోడవారగా, మునివేళ్ల మీద ఎక్కిపోయాడు.