రెండు తాబేళ్ళు, రెండు నిద్రలు

మా మేనత్త వజ్రకరూరు చేలల్లో వజ్రాలు ఏరడానికి పోయి రెండు తాబేళ్ళతో తిరిగి వచ్చింది. తొలకరి పడగానే మా వైపు జనం మెరిసే రాయి కోసం తలొంచుకుని చేలవెంట తిరగడం మామూలే. "వజ్రం దొరకలే. ఈటిని ఆడనే ఇడిసిపెట్టి రాబుద్ధి కాలే" అంటూ మా పెరట్లో సంచి విప్పింది. రెండూ మెట్ట తాబేళ్ళే. నల్లటి వీపుల మీద పసుపు గీతలు. వాటిని ఇంట్లో పెంచడం నేరమని అప్పట్లో మాకెవరికీ తెలియదు.

ఒకే చోట దొరికినవి కదా, ఒకేలా ఉంటాయనుకున్నాను. చిన్నది తెల్లారకముందే లేచి, వంటింటి గడప దాకా వచ్చి దోసకాయ తొక్కల కోసం కాచుకునేది. ఎండాకాలంలోనూ అంతే. పెద్దది మహా బద్ధకస్తురాలు. మధ్యాహ్నం దాటితే గానీ కదిలేది కాదు. శివరాత్రి వెళ్ళిందంటే గోడ మూల మట్టి తవ్వుకుని దూరి, మళ్ళీ వాన పడేదాకా ముఖం చూపించేది కాదు. నాయనకు ఆ పెద్దదంటేనే ప్రాణం. "అది మన మాదిరే పాపా, వాన కోసరం కూసోనుంటాది" అనేవాడు.

రెండు వేల సంవత్సరం దాటాక వచ్చిన కరువేళ్ళలో ఒక ఏడు, నాకు పదేళ్ళప్పుడు, మా ఊరికి ట్యాంకరుతో నీళ్ళు తోలేవాళ్ళు. అంత ఎండలో మట్టి కింద ఆ పెద్దది దాహంతో చచ్చిపోతుందేమోనని నాకు భయం పట్టుకుంది. తాబేలంటే నీళ్ళలో ఉండే ప్రాణి అనే నేను అనుకున్నాను. ఒకరోజు దాన్ని తవ్వి తీసి, నిండు బకెట్లో వేశాను. ఇంతలో ట్యాంకరు దగ్గర నుంచి అమ్మ కేకేసింది. బిందె పట్టుకుని లైన్లో నిలబడి, బకెట్ సంగతే మరిచిపోయాను.

తిరిగొచ్చేసరికి తాబేలు బకెట్ అడుగున ఉంది. బయటికి తీస్తే తల వేలాడింది, కాళ్ళు వేలాడాయి. ముక్కులోంచి నీళ్ళు కారాయి. గిచ్చాను, ముఖం మీద ఊదాను. ఉలుకూ పలుకూ లేదు. దాన్ని ఆ గుంతలోనే పెట్టి మట్టి కప్పేశాను. బకెట్లో నీళ్ళు మాత్రం పారబోయలేదు. ఆ కరువులో అది ఇంకా పెద్ద తప్పు.

వాన పడితే అది లేవాలి. లేవకపోతే నాయన తవ్వి చూస్తాడు. మా ఊళ్ళో వాన వస్తుందేమోనని భయపడిన మనిషిని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

వేరుశనగ వేయడానికి నాయన కాయలు ఒలిపించి, విత్తనం సిద్ధంగా పెట్టుకున్నాడు. నేల పదునుకు ఒక్క మంచి వాన చాలు. రోజూ టీవీలో వాతావరణ వార్తలు వచ్చేసరికి ఇంట్లో అందరూ మాటలు ఆపేసేవారు. మబ్బు కమ్మితే అందరూ వాకిట్లోకి పరిగెత్తేవారు. నేను మాత్రం లోపలికి, దేవుడి పటం ముందుకు. "ఈ ఒక్క మబ్బును పోనీ సామీ" అని మొక్కేదాన్ని. మబ్బు పోయేది. మొదట్లో హమ్మయ్య అనుకున్నాను. ప్రతిసారీ పోతుంటే, నా మాట అంత బాగా చెల్లుతున్నందుకు హడలిపోయాను. ఇక కురిపించు అని మొక్కుదామనుకుంటే, నాయన పార పట్టుకుని గోడ మూలకు నడవడం కళ్ళ ముందు కదిలేది. మళ్ళీ పాత మొక్కే మొక్కేదాన్ని.

ఆషాఢం పోయింది, శ్రావణం సగం అయిపోయింది. చిన్న తాబేలు పొద్దున్నే ఆ గుంత మీదుగా నడిచి వస్తుంటే, దాన్ని ఎత్తి పక్కన పెట్టేదాన్ని. ఒక మధ్యాహ్నం అన్నాల దగ్గర అమ్మ అంది, "ఈతూరి పెద్దది శానా నిద్ర పోతాంది. తవ్వి సూద్దామా?"

"దాన్ని కదిలించొద్దు. వానే లేపుతాది" అన్నాడు నాయన.

అదును దాటిపోయింది. నాయన విత్తనాన్ని నూనె మిల్లుకు తోలేశాడు. బండి మలుపు తిరిగేదాకా చూసి, వచ్చి వసారాలో మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఇదంతా ఎవరి వల్ల జరిగిందో నాకొక్కదానికే తెలుసు.

పది రోజుల తర్వాత ఒక సాయంత్రం, నేను మొక్కేలోపే వాన దంచేసింది. మర్నాడు పొద్దున పెరట్లోంచి నాయన పిలిచాడు. "పాపా, ఇట్ల రా."

గోడ పట్టుకుని వెళ్ళాను. మూలన తడి మట్టి పెళ్ళలుగా లేచి ఉంది. పెద్ద తాబేలు నాయన చేతిలోని దోసకాయ ముక్కను నింపాదిగా కొరుకుతోంది. అది చావలేదు. మింగిన నీళ్ళు కక్కుకుని, మట్టిలో ఎప్పటిలాగే తన నిద్ర తాను పోయింది.

నాకు సంతోషం రాలేదు. బతికే ఉన్న తాబేలు కోసం ఊరి మీద వాన పడకుండా చేశాను. పదేళ్ళ బుద్ధికి అది పచ్చి నిజం.

నాయన నా తల మీద చెయ్యి వేశాడు. చాన్నాళ్ళకు ఆయన ముఖంలో నవ్వు కనిపించింది.

"మబ్బు పట్టినప్పుడల్లా నువ్వు పటం ముందర నిలబడుకోని మొక్కుతాంటే సూసినా పాపా" అన్నాడు. "వాన కోసరం ఈ ఇంట్లో అంత గట్టిగా మొక్కింది నువ్వొక్కదానివే."