ఎండ్రకాయల పెద్దమ్మ

మా పెద్దమ్మ చనిపోయిందని ఇంట్లో మొదట చెప్పింది నేనే. వాకిట్లో బియ్యం చెరుగుతున్న మా అత్తకు చెప్పాను. ఆమె ఇత్తడి సామాన్ల కొట్లో ఉన్న మామకు కబురు పంపింది. సాయంత్రానికి మద్రాసు చూలైలో ఉన్న మావాళ్లందరికీ తెలిసిపోయింది. వచ్చినవాళ్లంతా ఒకటే మాట, పుణ్యాత్మురాలు, ఎవరిచేతా చేయించుకోకుండా పోయిందని. ఆ మాట భరించలేకే ఇది రాస్తున్నాను.

ఆమె మా మామకు అక్క. మా ఆయనకు మేనత్త, వరసకు నాకు పెద్దమ్మ. పదమూడో ఏట భర్త పోతే పుట్టింటికి తిరిగి వచ్చి, యాభై ఏళ్లు ఈ ఇంటి పెరటిగదిలోనే ఉండిపోయింది. నేను నెల్లూరు నుంచి కాపురానికి వచ్చిన రోజు ముత్తైదువలంతా నా చుట్టూ ఉంటే ఆమె దగ్గరికి రాలేదు. అందరూ వెళ్లాక బావి దగ్గర నన్ను పట్టుకుని, నాకు ఎండ్రకాయలంటే భయమా అని అడిగింది. కొత్త కోడలిని అడిగే మాటేనా అది! నవ్వొచ్చింది, లేదన్నాను. అప్పుడు తీసుకెళ్లి చూపించింది.

కోడిగుడ్డు పేరు కూడా గట్టిగా పలకని ఇల్లు మాది. అలాంటి ఇంట్లో, ఆవు పోయాక ఖాళీగా పడి ఉన్న కుడితి తొట్టిలో ఇసుక పోసి, పైన వెదురు గంప బోర్లించి, ఆమె ఎండ్రకాయను పెంచుకునేది. అరవవాళ్ల ఐప్పసి నెల వానలకు కాలువ పొంగినప్పుడు తూములోంచి పెరట్లోకి వచ్చిందట. అంతకుముందు రెండు ఉండేవట, ఇది మూడోది. వీపు ఊదారంగు. ఒక చెయ్యి పెద్దది, ఒకటి చిన్నది. తోటకూర కాడ అందిస్తే చిన్న చేత్తో పుచ్చుకుని, తొందర లేకుండా నమిలేది. అది మనకంటే నిష్ఠగా తింటుందని పెద్దమ్మ మా అత్తకు వినపడేలా అనేది.

తొట్టిలో రెండు కొబ్బరిచిప్పలు ఉండేవి. ఒకదాంట్లో బావినీళ్లు, ఒకదాంట్లో సముద్రపు నీళ్లు. అమావాస్య స్నానానికి సముద్రానికి వెళ్లినప్పుడల్లా మూతచెంబు నిండా ఆ నీళ్లు తెచ్చేది. జట్కాలో పక్కన కూర్చున్నవాళ్లు తీర్థమనుకుని వేళ్లు ముంచి కళ్లకద్దుకునేవాళ్లు. ఆమె కాదనేది కాదు. ఎండ్రకాయను ముట్టుకున్న ప్రతిసారీ బావి దగ్గర తలమీద నీళ్లు పోసుకునేది, రోజుకు మూడుసార్లు. మడి గురించి మా అత్త ఎంత సాధించినా, ఇంట్లో అందరికంటే మడిగా ఉన్నది పెద్దమ్మే.

ఇది నేలమీదిదా నీళ్లలోదా అని ఒకసారి అడిగాను.

"రెండూ కాదు. ఆడా చెల్లదు, ఈడా చెల్లదు, నా మాదిరే," అని నవ్వింది.

మద్రాసు మీదా మాదా అని తెలుగువాళ్లూ అరవవాళ్లూ ఊరంతా వాదులాడుకుంటున్న ఏడు, ఆ ఎండ్రకాయ ఇసుకలోకి దిగిపోయింది. వారమైనా పైకి రాలేదు. రెండు వారాలైంది. వేసిన కాడలు వేసినట్టే ఎండిపోతున్నాయి. పెద్దమ్మకు మాత్రం దిగులు లేదు. రోజూ పొద్దున్నే ఇసుక తడిపి, గంప మూసి వెళ్లిపోయేది. ఎందుకని నేను అడగలేదు. అడిగి ఉంటే చెప్పేది.

అప్పుడే మా ఆయన తాతగారి తద్దినం వచ్చింది. అంటే పెద్దమ్మ తండ్రిది. ముందురోజు ఆమె అరిటాకులకు కొత్వాల్ బజారుకు వెళ్లింది. మా అత్త నన్ను పిలిచి, ఆ పురుగు చచ్చే ఉంటుంది, చచ్చినదాన్ని ఇంట్లో పెట్టుకుని తద్దినం పెడితే పితరులు ముట్టరు, ఆమె వచ్చేలోగా తీసి పారెయ్యమంది. నాకూ అది న్యాయంగానే తోచింది. చేత్తోనే తవ్వాను. అడుగున మెత్తగా ఏదో తగిలింది. ఒలిచిన తాటిముంజెలాగా ఉంది, అంత తెల్లగా, అంత మెత్తగా. పక్కన, పాము కుబుసంలా అది విడిచిన పాత చిప్ప, కాళ్లతో సహా, ఖాళీగా ఉంది. బయటికి లాగితే రెండు కాళ్లు నా వేళ్లకే ఊడివచ్చాయి. మిగిలిన కాళ్లు కదిలాయి.

పెద్దమ్మ వచ్చి ఆకుల కట్ట కింద పెట్టింది. దాన్ని దోసిట్లో పట్టి మళ్లీ ఇసుకలో పెట్టింది, పైన కప్పింది. మర్నాడు కాకులకు పిండం పెట్టే వేళకు అది నిజంగానే చచ్చింది. పెద్దమ్మ స్నానం చేసి వచ్చి నా పక్కన కూర్చుంది.

"తెలవక చేసినావులే. మూసుకొని ఉండేదాన్ని మాత్రం తెరవబాక అమ్మాయ్. లోపల దాని పని దానికి ఉంటాది."

ఆ తర్వాత మళ్లీ పెంచలేదు. వానలకు ఎండ్రకాయలు వస్తూనే ఉండేవి. చేటలోకి ఎక్కించి కాలువ దాకా తీసుకెళ్లి వదిలేసేది. ఒకటి ఉంచుకోమని నేనే బతిమాలాను. మన ఇంట్లో తద్దినాలు ఎక్కువ, వద్దులే అంది. తొట్టి మాత్రం అలాగే ఉంచింది.

ఈ చలికాలంలో ఆమెకు జ్వరం తగిలింది. రెండు రోజులు కషాయం తాగింది. మూడోనాడు తలుపు దగ్గరగా వేసుకుని, దుప్పటి ముసుగేసుకుని, అటు తిరిగి పడుకుంది. ఏడాదికోసారి అలా మౌనం పట్టి, తిండి మానేసి గదిలో ఉండిపోవడం ఆమెకు అలవాటే. మా అత్త తలుపు దాకా వెళ్లి, లేపుదామా, డాక్టరును పిలుద్దామా అని అడిగింది. వద్దన్నది నేను.

"లేపొద్దండీ. లోపల ఆమె పని ఆమెకు ఉంటుంది," అన్నాను. ఎంత గర్వంగా అన్నానో నాకు గుర్తుంది. ఆమెను ఈ ఇంట్లో అర్థం చేసుకున్నది నేనొక్కతెనే అనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం తలుపు తోశాను. మంచం పక్కన చెంబు పక్కకు ఒరిగి ఉంది. నీళ్లు ఎప్పుడో ఆరిపోయాయి. చెయ్యి దుప్పట్లోంచి బయటికొచ్చి తలుపువైపు చాచి ఉంది. ముట్టుకుంటే చల్లగా తగిలింది. పిలిచిందేమో. నేను వంటింట్లో ఉన్నాను, వినలేదు. వచ్చిన డాక్టరు, నిన్ననే ఎందుకు పిలవలేదని అడిగాడు. మా అత్త నావైపు చూసి తల తిప్పుకుంది. ప్రతిదానికీ సాధించే మనిషి, ఈ ఒక్కదానికి ఇంతవరకూ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండును.

పదకొండూ పన్నెండూ అయిపోయాయి. అమావాస్యకు అందరం సముద్రానికి వెళ్లి వచ్చాం. మూతచెంబు నిండా నీళ్లు తెచ్చాను. తొట్టి తీసేయించి ఆ చోట తులసి పెడదామని మామ అంటున్నారు. ఇవాళ పొద్దున నేను ఇసుక తడుపుతుంటే మా అత్త బావి దగ్గర ఆగి, దాంట్లో ఏముందని అడిగింది. ఏమీ లేదని చెప్పాను. తడిపి, గంప మూసి లోపలికి వచ్చేశాను.