ఇద్దరికీ కలిపి ఒక్క కెమెరా

జగదల్‌పూర్ దుకాణంలో ఆ కెమెరాను మా చేతిలో పెట్టిన మనిషి ఒకే మాట తిప్పితిప్పి చెప్పాడు. ఫోటోకు ఒకటి, వీడియోకు ఒకటి మోసుకు తిరిగే రోజులు పోయాయట, ఇదొక్కటే రెండు కెమెరాల పని చేస్తుందట. నిజమే, చేస్తుంది. కాని మేం ఇద్దరం మనుషులం. ఒకరు ఆ కెమెరా పట్టుకుని పని చేస్తుంటే రెండోవాళ్ళు ఏం చెయ్యాలో అతను చెప్పలేదు, మాకూ అడగాలని తోచలేదు. పాత కెమెరాలు రెండూ అతనికే ఇచ్చేసి, కొత్తదాన్ని పసిపిల్లను తెచ్చుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాం.

మాకు బచేలీలో చిన్న స్టూడియో ఉంది. అక్కడి ఇనుప గనుల్లో ఉద్యోగానికని మా నాన్న శ్రీకాకుళం నుంచి వచ్చాడు. నేను కిరందుల్ కంపెనీ క్వార్టర్లలో పెరిగాను. మా ఆయనది సుక్మా జిల్లా గొల్లపల్లి. పెళ్ళైన కొత్తలో ఆయన ఫోటోలు తీస్తుంటే నేను పక్కన లైటు పట్టుకునేదాన్ని. పెళ్ళికూతురిని ముస్తాబు చేసే గదిలోకి మగవాళ్ళను రానివ్వరు కదా, ఆ వంకతో వీడియో కెమెరా నా చేతికొచ్చింది. అప్పట్నుంచి ఆయన పందిరికి ఒక పక్క, నేను ఇంకో పక్క. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మాట్లాడుకునే పని ఉండేది కాదు. మా కాపురం అంత సాఫీగా సాగిందంటే అదీ ఒక కారణమేనని ఇప్పుడు అర్థమవుతోంది.

కొత్త కెమెరా ఇంటికొచ్చిన వారం నుంచే రగడ మొదలైంది. ఫోటో తియ్యాలంటే షట్టరు వేగంగా పడాలి, లేకపోతే కదిలే చెయ్యి అలుక్కుపోతుంది. వీడియోకు నెమ్మదిగా పడాలి, లేకపోతే మనుషులు తోలుబొమ్మల్లా గెంతుతూ కనిపిస్తారు. ఆయన వేగం పెంచుతాడు, నేను తగ్గిస్తాను. “నా సెట్టింగు ఎవరు మార్చిన్రు?” అని అడుగుతాడు. ఇంట్లో ఉన్నదే ఇద్దరం.

రంగుల గొడవ వేరు. వీడియోను నేను 'లాగ్' అనే పద్ధతిలో తీస్తాను. తీసేటప్పుడు బొమ్మంతా వెలిసిపోయి బూడిదరంగులో ఉంటుంది. ఎండలో ఉన్నదీ పోదు, నీడలో ఉన్నదీ పోదు. తర్వాత కంప్యూటర్లో కూర్చుని రంగులు తెచ్చుకోవచ్చు. ఒకసారి నేను దాన్ని మార్చకుండా ఇస్తే ఆయన ఒక బారసాల మొత్తం బూడిదలోనే తీసుకొచ్చాడు.

అన్నిటికన్నా పెద్ద తలనొప్పి ఒక బటన్. షట్టరు పక్కన చిన్నది ఉంటుంది. దానికి మనకు కావలసిన పని అప్పగించుకోవచ్చని కెమెరాతో వచ్చిన పుస్తకంలో గొప్పగా రాశారు. ఆయన దానికి ఫోకస్ పని అప్పగించాడు. నాకేమో అది రికార్డింగు మొదలుపెట్టడానికీ ఆపడానికీ కావాలి. నా చేతికొచ్చినప్పుడు నేను మార్చుకుంటాను, ఆయన చేతికెళ్ళినప్పుడు ఆయన మార్చుకుంటాడు. మార్చుకున్నామో లేదో ఒకరికొకరం చెప్పుకోం.

ఈ పరిస్థితిలో గొల్లపల్లిలో పెళ్ళి వచ్చింది. మా ఆయన పెద్దనాన్న కూతురి చిన్నమ్మాయిది. అమ్మాయికి ఆయన మేనమామ, నేను అత్తను. పెద్దమ్మాయికి జగదల్‌పూర్ ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి కొడుకును తీశారు, ఇంకా వారం కూడా కాలేదు, పెళ్ళికి రాలేదు. ఫోన్లో చూపిద్దామంటే ఊళ్ళో సిగ్నల్ ఉన్నట్టే ఉండి పోతుంది. పెళ్ళికూతురి తల్లి, మా వదిన, బచేలీకి ఫోన్ చేసి నాతో మరీమరీ చెప్పింది: “మరదలా, పెద్దదానికి పుస్తె కట్టుడు సూపియ్యాలె. గదొక్కటన్న మంచిగ తియ్యి.”

మే నెల. దంతెవాడ, సుక్మా మీదుగా వెళ్ళేసరికి దుమ్ము కొట్టుకుపోయాం. దారిలో చెక్‌పోస్ట్ దగ్గర ఒక జవాను బ్యాగు విప్పించి, “యే ఫోటోవాలా హై యా వీడియోవాలా?” అని అడిగాడు. రెండూనని, “దోనో,” అన్నాడు మా ఆయన. ఆ జవాను నన్నూ ఆయన్నీ మార్చి మార్చి చూసి, “ఏక్ హీ మే?” అన్నాడు, ఒక్కదాంట్లోనేనా అని. నేను ముఖం పక్కకు తిప్పుకున్నాను.

ఊరు చేరేలోపు ఒక ఒప్పందం చేసుకున్నాం. పుస్తె కట్టేదాకా కెమెరా నాది. అది కాగానే ఆయనకిస్తాను, తలంబ్రాలూ గుంపు ఫోటోలూ ఆయనవి. దానికి ముందు, పొద్దున మాత్రం, పెద్దవాళ్ళ ఫోటోలు ఆయన తీసుకోవాలి. ఆ లోపు డోలు చప్పుడు నేను ఫోనుకు మైకు తగిలించి రికార్డు చేసుకుంటానని ఆయన షట్టరు చప్పుడు రాకుండా పెట్టాడు. మంచికే పెట్టాడు. పాత కెమెరాల్లోలాగా టక్కున లేచి పడడానికి దీని లోపల అద్దమే లేదు, కావాలంటే చీమ నడిచినంత చప్పుడు కూడా చెయ్యదు.

పెళ్ళికూతురి నాయనమ్మ ముఖం బిగించి కూర్చుంది. ఆయన తీశాడు. ఆమె కదలలేదు.

“అయిపోయిందమ్మా, లెవ్వు.”

“ఏడ అయింది? సప్పుడు రాలే గదా!”

“గిది సప్పుడు చెయ్యదమ్మా.”

“సప్పుడు చెయ్యంది గదేం కెమెరా? నన్ను ఎర్రిదాన్ని జెయ్యకు. తియ్యి.”

ఆమె వెనక నిలబడ్డ ముసలివాళ్ళందరూ అలాగే ఊపిరి బిగబట్టి ఉండిపోయారు. చివరికి మా ఆయన నాలుక అంగిట్లో కొట్టి 'టక్'మని చప్పుడు చేశాడు. అందరూ ఒక్కసారి వదులై నవ్వారు. ఆ పొద్దంతా ప్రతి ఫోటోకూ ఆయన నోటితో టక్‌మనాల్సి వచ్చింది. మధ్యాహ్నానికి ఆయన నాలుక ఎండిపోయింది, దాంతోపాటు ఓపికా పోయింది.

కెమెరా నా చేతికి రాగానే నేను నా సెట్టింగులు పెట్టుకున్నాను, బటన్‌తో సహా. వెనకున్న తెర పక్కకు తెరుచుకుంటుంది, అది ఇంకో శాపం. తెర కనిపించగానే ఆడవాళ్ళంతా నా భుజాల మీదికి వంగారు. వదిన అందరినీ తోసుకొచ్చి చూసింది.

“ఏంది మరదలా, మా పిల్ల మొకానికి బూడిద పూసినట్టున్నది?”

“ఇప్పుడలాగే ఉంటుంది వదినా. రంగు తర్వాత వస్తుంది.”

“రంగు తర్వాత వచ్చుడేంది? పెళ్ళి ఇప్పుడు గదా!”

లాగ్ గురించి పందిట్లో నిలబడి ఏం చెప్పను? తెర మూసి కంటికి ఆనించుకుని తీస్తుంటే చెమట కళ్ళలోకి కారుతోంది. కెమెరా కూడా కాలుతోంది. బొమ్మ మూలన వేడెక్కిందన్న గుర్తు కనిపించడం మొదలైంది. ఎవరో గొడుగు తెచ్చి పట్టారు, నాకు కాదు, దానికి.

ఫోన్లు పట్టుకుని ఎవరూ ముందుకు రావద్దని, అడ్డం పడతారని, మా ఆయన అందరినీ బతిమాలి కూర్చోబెట్టాడు. డోలు ఊపందుకుంది. పెళ్ళికొడుకు తాడు అందుకున్నాడు. నేను బొమ్మ బాగా కనిపించాలని మళ్ళీ తెర తెరిచాను. ఈ కెమెరా మనిషి కళ్ళను తనే వెతికి పట్టుకుంటుంది. ఎవరి కళ్ళను అన్నది మాత్రం దాని ఇష్టం. పెళ్ళికూతురి కళ్ళు వదిలేసి వెనక నిలబడి ఆవులిస్తున్న పెద్దమనిషి కళ్ళను పట్టుకుంది. నేను తెర మీద వేలితో సరిచేసేలోపు మా ఆయన వెనకనుంచి చూశాడు. ఆగలేకపోయాడు. చెయ్యి చాపి ఆ బటన్ నొక్కాడు, ఫోకస్ అనుకుని.

రికార్డింగు ఆగిపోయింది. నాకు తెలియలేదు. తెర మీద బొమ్మ కదులుతూనే ఉంది, ఫోకస్ కూడా తనంతట తానే పెళ్ళికూతురి మీదికి తిరిగొచ్చింది. ఎంత చక్కగా వస్తోందో అనుకుంటూ ముడులు పడేదాకా కదలకుండా పట్టుకున్నాను. ఆయన కూడా తృప్తిగా వెనక్కి తగ్గాడు. అక్షింతలు పడ్డాయి. ఒప్పందం ప్రకారం కెమెరా ఆయనకివ్వబోతూ ఆపుదామని చూస్తే, రికార్డవుతుంటే తెర మీద వెలగాల్సిన ఎర్రచుక్క లేదు.

“ఎవరు ఆపారు దీన్ని?”

“నేనేడ ఆపిన? ఫోకస్ ఒత్తిన.”

“అది ఫోకస్ కాదండీ! నా చేతికి రాగానే మార్చాను కదా!”

“మార్చితే చెప్పాల్నా, లేదా?”

“నా చేతిలో ఉన్నదాని మీద చెయ్యి వెయ్యొచ్చా?”

ఆయన కెమెరా లాక్కుని మెడలో వేసుకున్నాడు. “ఇగో, సూడు, గిట్లనే ఒత్తిన, గింతే!” అని మళ్ళీ నొక్కి చూపించాడు. నేను చూసే స్థితిలో లేను. దుకాణం మెట్లు దిగిన రోజునుంచి కడుపులో ఉన్నదంతా ఆ పందిట్లోనే బయటికొచ్చింది. బూడిద రంగు బారసాల దగ్గర్నుంచి ఆయనా ఏదీ వదల్లేదు. డోలువాళ్ళు ఆపేశారు. పెళ్ళికొడుకు తలంబ్రాల గిన్నె పట్టుకుని అలా నిలబడిపోయాడు.

నాయనమ్మ వచ్చి మా మధ్య నిలబడింది. వదినకు సంగతి అర్థమై ఏడుపు ముఖం పెట్టింది. “మళ్ళొకసారి కట్టమందామా?” అంది.

“పుస్తె ఏమన్న ఆటబొమ్మనా?” అని నాయనమ్మ కసిరింది. “కట్టింది కట్టిండు. అయిపోయింది.”

ఎవరో ఫోన్లో దొంగచాటుగా తీసిన ఫోటో తెచ్చారు. దాన్నిండా తలల వెనక భాగాలూ నా గొడుగూ తప్ప ఏమీ లేవు.

అప్పుడు పెళ్ళికూతురు లేచింది. ఆ పిల్ల ఉసూర్ ఆసుపత్రిలో నర్సు. మొండి రోగులతో వేగి వేగి గొంతు పెంచకుండా గదమాయించడం అలవాటైంది.

“మామా, అత్తా, ఇంక చాలుండ్రి. నా పెళ్ళిల మీ పంచాయితీ ఏంది? మళ్ళ కట్టుడు గిట్టుడు ఏం లేదు. అక్కకు నేనే జెప్త. కెమెరా పెట్టుండ్రి.”

పెడదామంటే కెమెరా వెలగలేదు. వేడికి తనంతట తానే ఆగిపోయింది. మూతలన్నీ తీసి నీడలో ఉంచితే నాయనమ్మ విసనకర్ర తెచ్చి దానికి విసిరింది. విసురుతూ తిట్టింది కూడా, మమ్మల్నో దాన్నో తెలియదు. అది చల్లబడేలోగా అందరూ తలంబ్రాలు కానిచ్చేశారు. భోజనాలకు కూర్చున్నారు.

తర్వాత వేపచెట్టు నీడలో మంచం వేసి ఒక్కొక్కరినీ కూర్చోబెట్టాను. పుస్తె కట్టడం ఎలా జరిగిందో జగదల్‌పూర్‌లో ఉన్న అక్కకు చెప్పమన్నాను. మా ఆయన మైకు పట్టుకున్నాడు.

“అక్కా, ఆయన చేతులు వణుకుతుండె,” అంది పెళ్ళికూతురు. “మూడో ముడి నా జుట్టుతోటి కలిపి ఏసిండు. నొచ్చింది గని ఊకున్న.”

“నా చేతులు వణకలే,” అన్నాడు పెళ్ళికొడుకు పక్కనుంచి. “తాడుకు పసుపు ఎక్కువ పెట్టిన్రు. జారుతుండె.”

“రెండో ముడి నేను ఒత్తిపట్టిన గాబట్టి నిలిచింది,” అంది నాయనమ్మ. “లేకుంటే ఈ పాటికి ఊడిపోతుండె.”

వదిన కూర్చుంది. కొంగుతో ముఖం తుడుచుకుంది. “నాకేం కనబడలే బిడ్డా, కండ్లనిండ నీళ్ళే,” అంది. కాసేపటికి కెమెరాలోకి సూటిగా చూసి, “పిలగాడు పాలు మంచిగ తాగుతున్నడా?” అని అడిగింది. అవతల మనిషి లేదని అప్పుడు గుర్తొచ్చినట్టుంది, గబుక్కున లేచి వెళ్ళిపోయింది. నేను కాసేపు కెమెరా ఆపలేదు. మా ఆయన మైకును అలాగే పట్టుకుని ఖాళీ మంచం వైపు చూస్తూ ఉన్నాడు.

బచేలీ వచ్చాక కార్డు తెరిచి చూస్తే అసలు సంగతి బయటపడింది. ‘గిట్లనే ఒత్తిన’ అంటూ ఆయన రెండోసారి నొక్కినప్పుడు రికార్డింగు మొదలైంది. మా పోట్లాట అక్కణ్ణుంచి కెమెరా వేడెక్కి ఆగిపోయేదాకా మొత్తం అందులో ఉంది. ఎంత స్పష్టంగా ఉందంటే నా నుదుటిమీది చెమటబొట్లు లెక్కపెట్టొచ్చు. ఆ రోజంతటిలో ఫోకస్ ఒక్కసారీ తప్పని ముక్క అదొక్కటే. నా కళ్ళను గట్టిగా పట్టుకుంది.

వీడియో తీసుకుని ఇద్దరం జగదల్‌పూర్ ఆసుపత్రికి వెళ్ళాం. పెద్దమ్మాయి ఫోన్లో వేస్తే మాటలు వస్తున్నాయి, బొమ్మ మాత్రం బిగుసుకుపోయింది. అంత పెద్ద ఫైలును ఆ ఫోను మొయ్యలేదట. “గంత గొప్ప కెమెరా తెచ్చి లాభమేంది?” అని మా ఆయన మొదలుపెట్టబోయాడు. నేను చూసిన చూపుకు ఆగిపోయాడు. లాప్‌టాప్ తీసి ఆమె మంచం మీద పెట్టాను.

చెల్లెలు చెప్పింది వింది, మరిది చెప్పింది వింది, నాయనమ్మ మాటకు నవ్వింది. తల్లి పిల్లవాడి గురించి అడగ్గానే, “తాగుతున్నడమ్మా,” అని తెరకు జవాబు చెప్పింది. పక్క మంచం ఆవిడ కూడా ఇటు తిరిగి కళ్ళు ఒత్తుకుంది. నేను మూసేద్దామనుకునేలోపు తర్వాతి ఫైలు దానంతట అదే మొదలైంది. పందిరి, బూడిదరంగులో నేను, నా గొంతు.

ఆ అమ్మాయి కుట్ల మీద చెయ్యి అదిమిపట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నర్సు పరుగెత్తుకొచ్చి, “హసో మత్, టాంకే టూట్ జాయేంగే!” అని కేకలేసింది. కుట్లు తెగుతాయన్న భయం నర్సుకే గాని ఈమెకు లేదు. “అత్తా, గిది గూడ పెళ్ళి వీడియోల పెట్టు,” అంది ఆయాసపడుతూ. “నేను పెళ్ళిల ఉన్నట్టే అనిపిస్తున్నది.”

“పెట్టేది లేదు,” అన్నాడు మా ఆయన.

నేను పెట్టాను. తక్కినవాటికి దిద్దినట్టే దానికీ శ్రద్ధగా రంగులు దిద్దాను. మధ్యమధ్య అడ్డం వచ్చిన ఆయన నీలం చొక్కా చెయ్యి చాలా బాగా వచ్చింది. ఆయన వారం రోజులు అలిగి, ఎనిమిదోనాడు ఎవరి దగ్గరో పాత కెమెరా ఒకటి సంపాదించుకొచ్చాడు. లోపల అద్దం ఉన్నది, తీస్తే వీధి చివరికి వినిపించేది. దాని జోలికి నన్ను రావద్దన్నాడు. సంతోషంగా ఒప్పుకున్నాను. కొత్తది నాకే మిగిలింది, దాని బూడిద రంగుతో, దాని జ్వరంతో, దాని సవాలక్ష బటన్లతో. మొన్న దానికి కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించాను. నేను పెట్టుకున్న సెట్టింగులన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. ఈసారి తిట్టడానికి పక్కన ఎవరూ లేరు. ఆయన ముందు గదిలో పాస్‌పోర్టు ఫోటో తీస్తున్నాడు.