తోడబుట్టినవాడి పాలు

ముడిమ్యాల ప్రేమమ్మకు ఊరు పెట్టిన పేరొకటుంది, ‘మింగినామె’ అని. ఆమె కవల. తోడు పుట్టిన తమ్ముడు మూడోనాడే పోయాడు. తల్లి పాలన్నీ ఆడపిల్లే లాగేసిందన్నారు. ఊరి నోటికి మూతేముంది? పెళ్లయినా, అరవై నిండినా, చర్చిలో ముందు వరసలో కూర్చున్నా ఆ పేరు వదల్లేదు. ప్రేమమ్మ నోరున్న మనిషే, ఎవరితోనైనా ఢీ అంటే ఢీ. ఈ ఒక్క మాటకు మాత్రం తల దించుకునేది. తానూ నమ్మింది మరి.

అలాంటిది కూతురు కృపాజ్యోతికి మొయినాబాద్ దవాఖానలో నెలలు నిండకుండానే కవలలు పుట్టారు, ఒక ఆడపిల్ల, ఒక మగపిల్లాడు. పిల్ల కేరుమంది. బరువెక్కువున్న పిల్లాడే ఊపిరాడక అద్దాల పెట్టెలోకి పోయాడు. ప్రేమమ్మ పిల్లను ఎత్తుకుని, వాడున్న గది గాజు తలుపు వైపు చూసింది. దేవా, మళ్లీనా?

పిల్ల ఆకలికి ఏడ్చింది. కృపాజ్యోతి చేతులు చాచింది. ప్రేమమ్మ ఇవ్వలేదు.

"జర ఆగు బిడ్డా. ఇది తాగితే పిలగానికేం మిగుల్తది?"

"వాడు చీకలేడు గదనే అమ్మా! దాన్ని ఇటియ్యి."

పిల్ల ఏడుపు సన్నబడిపోయింది. ప్రేమమ్మ పట్టు విడవలేదు. అప్పుడే వచ్చిన నర్సు ఆశా పిల్లను లాక్కుని తల్లి రొమ్ముకు పట్టించింది.

"ఏం పని చేస్తున్నవ్ అవ్వా? కవలల్ల మగపిల్లలకే ఎక్కువ కష్టం. వాళ్ల ఊపిరితిత్తులు జర ఆలస్యంగ ముదురుతయి. పిల్ల ఏం గుంజుకోలే. ఇది చీకితేనే తల్లికి పాలు ఊర్తయి. ఆ పాలు పిండి పిలగానికి పైపుతోని ఇయ్యాలె."

ప్రేమమ్మ గోడకు ఆనుకుని కూలబడింది. "గట్లయితే మా తమ్ముడు..." అంది.

సాయంత్రం ప్రేమమ్మ వదిన మాణిక్యమ్మ జావ పట్టుకొచ్చింది. పిల్లాడి సంగతి ఇంకా తేలలేదు. గాజు తలుపు అవతల వాడి ఊపిరి చూసే మిషన్ కూసినప్పుడల్లా ప్రేమమ్మకు ప్రాణం పోయి వస్తోంది. మాణిక్యమ్మ, కృపాజ్యోతి ఒళ్లోని పిల్లను చూసి నిట్టూర్చింది.

"అచ్చం అమ్మమ్మ పోలికే. గిది గూడ మింగేటట్టే ఉన్నది."

ప్రేమమ్మ లేచింది. ఆశా ఇచ్చిన గిన్నెలో కూతురు పిండిన పాలు అడుగున కొన్ని చుక్కలున్నాయి. వాటిని వదినకు చూపించింది.

"ఇది మింగలే వదినా. తమ్మునికి పాలు తెస్తున్నది. నేను గూడ మింగలే."

గిన్నె ఒలకకుండా రెండు చేతులా పట్టుకుని గాజు తలుపు వైపు నడిచింది. లోపల మిషన్ మళ్లీ కూసింది. ఆమె ఆగలేదు.