కెప్టెన్ కాకకు మేము పెట్టిన పరీక్ష

ఆ రోజుల్లో అని మొదలుపెడితే మా ఇంట్లో నవ్వుతారు. నీ వయసెంత, నీకు 'ఆ రోజులు' ఏమిటి అంటారు. నిజమే, నేను చెప్పబోయేది ఓ ఎనిమిదేళ్ళ కిందటి ముచ్చట. అయితే ఇరవై రెండేళ్ళ వయసులో నా తెలివి మీద నాకున్నంత నమ్మకం మళ్ళీ ఎప్పుడూ కలగలేదు కాబట్టి నా లెక్కలో అవి ఆ రోజులే. అప్పుడు నేను ఆర్మూర్‌లో ఒక పసుపు కమీషన్ దుకాణంలో కంప్యూటర్ ముందు కూర్చుని తూకం చీటీలు కొట్టేదాన్ని. (మా అమ్మ మాత్రం "మా బిడ్డ ఆఫీసుల చేస్తది" అని చెప్పుకునేది. ఆ ఆఫీసు తలుపు తీస్తే తుమ్ములే తుమ్ములు.) సాయంత్రం అక్కడి నుంచి బయటపడ్డాక మాత్రం నేను చిన్న మనిషిని కాను, ఊళ్ళో ఫుట్‌బాల్ అభిమానుల సంఘానికి కార్యదర్శిని. ఊరంతా క్రికెట్ అని ఊగుతుంటే మేము ముప్పై మందిమి పంతానికి ఫుట్‌బాల్ పట్టుకుని ఉండేవాళ్ళం. ఆ పదవి నాకు ఆట తెలిసి రాలేదు. తప్పుల్లేకుండా తెలుగు రాయగలిగింది ఆ ముప్పై మందిలో నేనొక్కదాన్నే.

మా దుకాణంలో కాంటా మీద బస్తాలు తూచే ఆయనను అందరూ కెప్టెన్ కాక అనేవారు. యాభైకి దగ్గర పడ్డ మనిషి, ఎడమకాలు కాస్త ఈడ్చి నడిచేవాడు, అడిగినదానికి సగం జవాబు చెప్పేవాడు. ఒకప్పుడు రాష్ట్రానికి ఆడాడట. ఆయన ఎడమకాలితో కొడితే గోల్ కాసే గోలీకి బంతి కనబడేది కాదు, వినబడేదట. (ఇది సెల్‌ఫోన్ల దుకాణం నడిపే మా సంఘం ప్రెసిడెంటు మాట. ఆయన అప్పటికి నిక్కరు కూడా తొడుక్కోని వయసులో ఉన్నాడు.) ఇరవై ఏళ్ళ కింద ఒక పెద్ద ఫైనల్లో, జనమంతా చూస్తుండగా, కాక రెఫరీని చెంప మీద కొట్టాడు. రెండేళ్ళు ఆడకూడదన్నారు. ఆటతో వచ్చిన నౌకరీ ఆటతోనే పోయింది. తరువాత తాగుడు పట్టుకుంది, ఊళ్ళో నలుగురితో కొట్లాటలయ్యాయి. తాగుడు మాని ఆరేళ్ళయింది కానీ, శిక్ష గడువు ఎప్పుడో తీరిపోయినా కాక మళ్ళీ ఏ మైదానంలోనూ అడుగు పెట్టలేదు. మా మ్యాచులప్పుడు గోడ బయట సైకిల్ ఆపుకుని, గోడ మీద గడ్డం ఆనించి చూసి వెళ్ళిపోయేవాడు.

ఎందుకు కొట్టాడన్నదే నన్ను తినేసిన ప్రశ్న. ఎవరినడిగినా ఒక కథ సిద్ధం. రెఫరీ కాక తల్లిని తిట్టాడని ఒకరు, అవతలి టీం దగ్గర లంచం తిన్నాడని ఒకరు, అసలు ఆ దెబ్బ పక్కవాడికి పడాల్సిందని ఇంకొకరు. జక్రాన్‌పల్లి నుంచి వచ్చే ఒక పసుపు రైతయితే కాక కొట్టనే లేదు, దోమ వాలితే తోలాడంతే అని ఒట్టు పెట్టి చెప్పాడు. పుట్టుకతో వచ్చిన జబ్బు కదా కుతూహలం, ఒకరోజు ఉండబట్టలేక కాకనే అడిగేశాను. "కాకా, గా రెఫరీని ఎందుకు కొట్టినవ్?" కాక కాంటా వైపే చూస్తూ "అరవై రెండున్నర. కొట్టు బిడ్డా" అన్నాడు. నేను కొట్టుకున్నాను, కంప్యూటర్‌లో.

ఆ ఎండాకాలం చుట్టుపక్కల మండలాల టోర్నమెంటు మా ఊళ్ళో పెట్టారు. మా సంఘం తరఫున ఆడే పిల్లల టీంకు కోచ్ లేడు. ఒకరోజు పొద్దున్నే కాక గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు. ఏ పెళ్ళికో పోతున్నాడనుకున్నాను.

"బిడ్డా, మీ సంఘంల నా ముచ్చట జర పెట్టరాదు? పోరగాండ్లకు ఆట నేర్పుత. నాకేం ఇయ్యొద్దు. ఇరవై ఏండ్లాయె గీత దాటి లోపటికి పోక" అన్నాడు. అని, నా జవాబు కోసం ఆగకుండా కాంటా దగ్గరికి వెళ్ళిపోయాడు. రోజూ చూసే మనిషి అట్లా అడిగేసరికి ఆ పూట రెండు చీటీలు తప్పు కొట్టాను, నిజం చెబుతున్నాను.

ఆ సాయంత్రం ఫోన్‌లో మా గ్రూపులో ఆ మాట పెట్టానో లేదో, తేనెతుట్టె కదిలింది. సగం మంది "కాక రావాలె" అన్నారు, సగం మంది "చింత చచ్చినా పులుపు చావది" అన్నారు. "మొన్న హోటల్ల చాయ్ గ్లాసు ఇసిరికొట్టిండు" అని ఒకరు. "గ్లాసుల ఈగ పడ్డదిరా భై" అని ఇంకొకరు. "ఈగ పడితే చాయ్ పారబొయ్యాలె గని గ్లాసెందుకు ఇసరాలె?" అని మొదటివారు. ఈ ఈగ మీదే రెండు రోజులు నడిచింది. చివరికి ప్రెసిడెంటు, కోపం తగ్గిందని రుజువు దొరికితే కాకను తీసుకుందాం, లేదంటే లేదు అని తేల్చి, రుజువు సంగతి కార్యదర్శి చూసుకుంటుంది అని నా నెత్తిన పెట్టాడు.

అప్పుడొచ్చింది నాకు ఆ ఆలోచన. (దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.) మా దుకాణానికి వచ్చే వ్యాపారి ఎవరూ బస్తా పైపై కొమ్ములు చూసి పసుపు కొనడు. చెయ్యి అడుగుదాకా దూర్చి ఒక కొమ్ము తీసి, పటుక్కున విరిచి, లోపలి రంగు చూస్తాడు. మనిషిని కూడా అట్లాగే చూడాలని తీర్మానించాను. నందిపేట్ టీంను పిలిచి టోర్నమెంటు లెక్కలోకి రాని ఒక ఉత్త మ్యాచ్ పెట్టాలి, కాకను ఆ ఒక్కరోజుకు కోచ్‌గా గీత దగ్గర నిలబెట్టాలి, రెఫరీ కావాలని మూడు తప్పుడు తీర్పులివ్వాలి. కాక చెయ్యి లేస్తే లోపలి రంగు తెలిసిపోతుంది. ప్రెసిడెంటు ఇది విని "నీ దిమాక్ మామూలు దిమాక్ కాదు" అన్నాడు. నేను పొంగిపోయి ఆ మూడు తీర్పులూ ఒక కాగితం మీద వరుసగా రాశాను. ఒకటి, మన గోల్ ఆఫ్‌సైడ్ అని కొట్టెయ్యాలి. రెండు, తప్పేమీ లేకుండా మన మీద పెనాల్టీ ఇవ్వాలి. మూడు, చివర్లో మనవాళ్ళు గోల్ కొడితే టైం అయిపోయిందని చెప్పాలి.

రెఫరీగా ఒక ప్రైవేటు బడిలో ఆటలు నేర్పే సారును ఒప్పించాం. ఈల మెడలోంచి తీయకుండానే అన్నం తినేవాడని ఆయనను విజిల్ సారు అనేవాళ్ళం. చీమకు కూడా అపకారం చేయని మనిషి. కాగితం చదివి చెమట తుడుచుకున్నాడు. "నిజంగ కొడితే?" అన్నాడు. "మేమున్నం గద సార్" అన్నాం. "మీరుంటరు. చెంప నాది గద" అన్నాడు. హెల్మెట్ పెట్టుకోవచ్చా అని కూడా అడిగాడు పాపం. కాక కోసమని బతిమాలితే చివరికి సరేనన్నాడు. ఈ సంగతి తెలిసింది మా ముగ్గురికే.

మ్యాచ్ రోజు సాయంత్రం నేను దుకాణం నుంచి నేరుగా గ్రౌండుకు పరుగెత్తాను, చేతులు కూడా కడుక్కోలేదు. కాక గీతకు ఇవతల, వేలెడు దూరంలో నిలబడి ఉన్నాడు. పిల్లలు గోల్ కొట్టారు, సారు ఆఫ్‌సైడ్ అన్నాడు. గ్రౌండంతా గోల గోల. నేను ఆట చూడ్డం లేదు, కాక చేతులే చూస్తున్నాను. ఆయన భుజం మీది తువ్వాల తీసి నడుముకు గట్టిగా కట్టుకున్నాడు, అంతే. తరువాత ఉత్త పుణ్యానికి పెనాల్టీ ఇచ్చాడు సారు, నందిపేట్‌వాళ్ళు గోల్ కొట్టారు. కాక నేల మీద కూర్చుని రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు. మా గోలీ ఏడుస్తుంటే "ఏం గాదు నానా, ఇంక పది నిమిషాలున్నది, ఆడు" అన్నాడు. ఆ గొంతులో ఎంత ఓపికో! కొమ్ము విరిగింది, రంగు బంగారం, ఇంక ఆపేయండని అరవాలనిపించింది. అరవలేదు. ఎందుకంటే అప్పటికి నేనూ ఆటలో పడిపోయాను.

చివరి నిమిషంలో మా పిల్లలు సగం గ్రౌండ్ నుంచి బంతిని ఒకరికొకరు అందించుకుంటూ పోయి గోల్ కొట్టారు. అంత చక్కటి గోల్ ఆ గ్రౌండులో నేనెప్పుడూ చూడలేదు. ఎగిరి గంతేశాను. సారు ఈల ఊది, ముంజేతి గడియారం చూపించి, "టైం అయిపోయింది, గోల్ లేదు" అన్నాడు. భయం తీరి ఆయనకు వేషం పట్టుబడిందేమో, చిన్నగా నవ్వాడు కూడా. ఆ నవ్వు దాకా నాకు గుర్తుంది. తరువాత గుర్తున్నది చప్పుడు. సారు తెల్లటి చెంప మీద నా అయిదు వేళ్ళూ పసుపుపచ్చగా అచ్చు పడ్డాయి.

సారు చెంప పట్టుకుని, రెండో చేత్తో జేబులోంచి కాగితం తీసి, "అమ్మా, మూడోది! సూడు, నువ్వు రాసిచ్చిందే గద!" అన్నాడు. ఎవరో "చెంప మీదనే ఎల్లో కార్డు ఇచ్చింది రా" అన్నారు. నవ్విన ప్రాణం లేదు. నా చెయ్యి ఇంకోసారి లేచిందో ఏమో తెలియదు కానీ, ఎవరో గట్టిగా నా మణికట్టు పట్టుకున్నారు. చూస్తే కాక. ఇరవై ఏళ్ళుగా దాటని గీత దాటి, ఆ ఈడ్చే కాలుతోనే పరుగెత్తుకొచ్చాడు. ముందు సారుకు చేతులు జోడించాడు. "సార్, మాఫ్ చెయ్యిన్రి. జర కూసోన్రి, నీళ్ళు తాగున్రి" అన్నాడు. తరువాత ఆ కాగితం తీసుకుని మొదటినుంచి చివరిదాకా చదివాడు. చదివి మడతపెట్టి నా చేతిలో పెట్టాడు.

"నన్ను ఇరిసి సూసిన్రా బిడ్డా?"

నేను ఆ కాగితాన్ని ఇంకో మడత పెట్టాను. "మంచిదే. సూసుకోవాల్సిందే" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు సంఘం కూర్చుని కాకను కోచ్‌గా పెట్టుకోవాలని తీర్మానించింది. ఈగ గురించి వాదించినవాళ్ళు కూడా చెయ్యెత్తారు. నా సంగతి వచ్చేసరికి ప్రెసిడెంటు "గదంతా నాటకంల ముచ్చట, లెక్కల రాదు" అని దాటేయబోయాడు. విజిల్ సారు కూడా "పోనియ్యున్రి, ఆడపిల్ల" అన్నాడు. కాక లేచాడు. "రెఫరీని కొడితే ఏం జెయ్యాల్నో మీకు రూలున్నదా, లేదా?" ఉంది. కాకలాంటివాళ్ళను దృష్టిలో పెట్టుకుని నేనే ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. రెఫరీ మీద చేయి చేసుకున్నవారు ఎంతటివారైనా ఆ సీజనంతా గ్రౌండులో కాలు పెట్టరాదు. "మరి రూలున్నంక ఆడపిల్లేంది, మొగపిల్లగాడేంది" అన్నాడు కాక.

నాకు ఒళ్ళు మండిపోయింది. "నిన్ను లోపటికి తెచ్చింది నేను. నన్నే బయటికి తోలుతవా కాకా?" అని అరిచాను. "అవ్ బిడ్డా" అన్నాడు. నా మీద నోటీసు నేనే రాసి, నేనే సంతకం పెట్టుకున్నాను. (రాసేవాళ్ళు ఇంకెవరున్నారు?) ఇంటికెళ్ళి దుప్పటి ముసుగేసుకుని ఏడిస్తే, మా అమ్మ తలుపు దగ్గర నిలబడి "ఆఫీసుల ఏమన్న అన్నరానే?" అని అడిగింది.

టోర్నమెంటు మొదలైన ఆదివారం ఇంట్లో ఉండలేక గ్రౌండు గోడ బయట చాయ్ బండి దగ్గర కూర్చున్నాను. గోడ మీదుగా చూడొచ్చు, కానీ పంతం. లోపల కేకలు వినబడుతున్నాయి, ఎవరు కొట్టారో తెలియదు, ఎవరు ఓడుతున్నారో తెలియదు. జన్మలో అంత దిక్కుమాలినతనం నేనెరగను. ఆట అయిపోయింది, జనం వెళ్ళిపోయారు. అందరికంటే వెనక కాక వచ్చాడు. పిల్లల దగ్గరికి పోకుండా నేరుగా నా పక్కన దుమ్ములో కూర్చుని, చిన్నచిన్న రాళ్ళు ఏరి రెండు వరుసలు పెట్టాడు.

"ఇగో, గీడ మనోడు. గీడ వాండ్ల గోలీ. మొదటి నిమిషం కెల్లి చెప్త, ఇను" అన్నాడు.

"నువ్వే తోలి, నువ్వే వచ్చి చెప్తున్నవా?" అన్నాను, ముక్కు ఎగబీలుస్తూ.

కాక రాళ్ళు సర్దుతూనే అన్నాడు. "నన్ను బంద్ పెట్టినప్పుడు రూలు ప్రకారమే పెట్టిన్రు. గది తప్పు గాదు. గని రెండేండ్లు, ఆట ఎట్లయిందో చెప్పెతందుకు ఒక్కడు మా ఇంటికి రాలే."

నేనూ ఒక రాయి ఏరి వరుసలో పెట్టాను. వదలని జబ్బు కదా, మెల్లగా అడిగాను. "కాకా, గప్పుడు నువ్వు ఎందుకు కొట్టినవ్?"

"మొన్న నువ్వెందుకు కొట్టినవ్?"

నా అరచెయ్యి చూసుకున్నాను. "తెల్వది."

"గదే" అన్నాడు కాక. "ఇగ ఆట ఇను."

ఆ సీజనంతా ప్రతి ఆదివారం అంతే. ఓడిన రోజూ వచ్చాడు, గెలిచిన రోజూ వచ్చాడు. ఫైనల్ గెలిచిన రోజు పిల్లలు భుజాల మీదికి ఎత్తుకోబోతే, "ఆగున్రి రా, బయట పిల్ల కూసున్నది" అని వాళ్ళను విడిపించుకుని వచ్చి, తొంభై నిమిషాలనూ రాళ్ళతో మళ్ళీ ఆడించాడు. ఆ ఫైనల్ నువ్వు చూశావా అని ఇప్పటికీ ఎవరైనా అడిగితే చూశాననే చెబుతాను. మా రెండో గోల్ ఏ మూల నుంచి వచ్చిందో, అప్పుడు గాలి ఎటు వీచిందో కూడా చెబుతాను. ఆటంతా గోడ లోపల జరిగితే, బయట కూర్చున్న నీకెట్లా తెలుసని ఇంతవరకు ఎవరూ అడగలేదు.